రంగూన్ కనిపించే తాటిచెట్టు

ఇది చిన్న కథ. లక్ష్మణమ్మ టీ కాచి గ్లాసులో పోసేలోపు అయిపోతుంది.

అయితే ముందు లక్ష్మణమ్మ టీ సంగతి చెప్పాలి, లేకపోతే మీరు తొందరపడతారు. నౌపడ స్టేషను బయట ఆవిడ పాక. పొయ్యిలో తాటిమట్టలు తప్ప ఇంకేమీ పెట్టదు. అవి పొగ వెంటనే ఇస్తాయి, మంట ఆలోచించి ఇస్తాయి. ఆ పాకలో కూర్చుని టీ తాగినవాళ్ళెవరూ ఇంతవరకూ రైలు పొగ గురించి ఫిర్యాదు చేయలేదు.

అరవై ఏడో సంవత్సరం, భాద్రపద మాసం. విశాఖ వెళ్ళే పాసింజరు గంట లేటని స్టేషను మాస్టరు చెప్పాడు. రెండు గంటలని డేవిడ్‌రాజు చెప్పాడు. డేవిడ్‌రాజు స్టేషన్లో పోర్టరు, బండి వచ్చే ముందు గంట కొట్టేది అతనే. ప్రతి ఆదివారం చర్చిలో అబద్ధమాడకూడదని వినేవాడు కాబట్టి మేము అతని మాటే నమ్మి కూర్చున్నాం.

నేను పక్క ఊళ్ళో తపాలా పని చూస్తాను. నేను ఎవరి గురించీ చెడ్డగా చెప్పను. ఉన్నది చెబుతాను. కార్డు మీద రాసింది ముద్ర వేసేటప్పుడు కంటికి కనిపిస్తుంది, అది నా తప్పు కాదు.

పాక పక్కన బెంచీ మీద దేముడమ్మ కూర్చుని ఉంది. మా ఊరి మనిషే. పద్దెనిమిదేళ్ళ వయసులో పెళ్ళయి రంగూన్ వెళ్ళిపోయింది. భర్త అక్కడి రేవులో పనిచేసి అక్కడే పోయాడు. బర్మా నుంచి మనవాళ్ళని పంపించేస్తున్న రోజుల్లో, నిరుడు, ఒక రేకుపెట్టెతో ఓడ దిగి తమ్ముడు ఎల్లాజీ ఇంటికి వచ్చింది. ఎల్లాజీ పెళ్ళాం ఆడపడుచుని ఎంత ప్రేమగా చూసుకుందంటే, విశాఖ వెళ్ళే బండ్ల వేళలన్నీ రోజూ ఒకసారి చెప్పేది. ఇంతలో విశాఖలో బర్మావాళ్ళకి ఇళ్ళ స్థలాలిస్తున్నారు, ఫలానా తేదీలోగా రావాలి అని కార్డు వచ్చింది. ఇచ్చింది నేనే. ఇప్పుడు ఆ స్థలానికే వెళుతోంది. ఇక్కడికి మళ్ళీ వచ్చే పని ఆవిడకి లేదు.

రేకుపెట్టెతో పాటు మూతి కట్టిన గోనెసంచి ఒకటి ఉంది. ఎల్లాజీ దాన్ని కింద పెట్టినప్పుడు లోపల టకటకమంది.

"ఏటుందమ్మా సంచిలో?" అన్నాను.

"బరువు," అంది దేముడమ్మ.

నేను ఎవరినీ ఒకమాట రెండుసార్లు అడగను. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ బరువే అంది.

అప్పుడు అసిరయ్య వచ్చాడు. అసలు కథ అతనిదే.

అసిరయ్య తాళ్ళు, అంటే తాటిచెట్లు, గీసి తాటిబెల్లానికి నీరా దింపుతాడు. దేముడమ్మకి స్వయానా మేనబావ. వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుందని ఒకప్పుడు ఊరంతా అనుకుందట. రంగూన్ పెళ్ళికొడుకు చేతికి గడియారం ఉంది. అసిరయ్య చేతిలో గీతకత్తి ఉంది. మామ గడియారం చూశాడు. అసిరయ్య మరి పెళ్ళి చేసుకోలేదు.

నేను ఈ ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ళలో ప్రతి శనివారం అతను తపాలా అరుగు దగ్గరికి వచ్చేవాడు. ఉత్తరం వచ్చిందా అని ఒక్కనాడూ అడగలేదు. "పోస్టు బాబూ, రంగూన్లో వానలెలగున్నాయంట?" అనేవాడు. నాకు తెలీదనేవాణ్ణి. సరే అని వెళ్ళిపోయేవాడు. ఆవిడ తిరిగి వచ్చిన దగ్గర్నుంచి వానల సంగతి అడగడం మానేశాడు. టెక్కలి సంతలో వందమందిని నిలబెట్టి కోతలు కోసే మనిషి, ఈ ఏడాదిలో ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ నూతికి వస్తుంటే ఇతను చెట్టెక్కేసేవాడు.

ఆ రోజు భుజాన చెట్టెక్కే మోకు వేసుకుని వచ్చి, బెంచీకి వీపు పెట్టి పాకలో కూర్చున్నాడు. మధ్యలో తాటాకు తడిక. మాటని ఆపడం దాని చేత కాదు. ఆ సంగతి అసిరయ్యకి తెలుసు. అందుకే మామూలు కంటే గట్టిగా మొదలుపెట్టాడు.

"నేనేటో గొప్ప సెప్పుకోడం నేదు. ఒకే ఒక్క టెంక పాతినాను. అంతే. ముప్పైయొక్కేళ్ళ కిందట, ఇదే భాద్రపదంలో, మా మెట్టలో. నీరు పొయ్యనేదు, గత్తం ఎయ్యనేదు."

"తాటిటెంకకి నీరెవుడు పోస్తాడురా?" అంది లక్ష్మణమ్మ, పొయ్యి ఊదుతూ.

"అదే సెప్తన్నాను, ఇనప్పా. తాడు ముందు పైకి రాదు. కిందకెల్తాది. అందరి తాళ్ళూ బారెడు దిగి ఆగుతాయి. నాది ఆగనేదు. రాయడ్డొస్తే పక్కకి తిరిగినాది. అలగలగ వచ్చి వచ్చి, ఇదిగో, ఈ నౌపడ ఉప్పుమడుల కిందకి సేరినాది. మడుల్లో నీరు దిగిపోతన్నాదని ఆఫీసర్లొచ్చి కర్రలెట్టి కొలిసినారు. ఉప్పునీరు తాగి తియ్యటి నీరా ఇచ్చీ సెట్టు ఇంకొకటున్నాదేటి, మీరే సెప్పండి."

"లోపలికెల్లిన ఉప్పేటైపోనాది మావా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"ఆకుల మీద కాసీది. మా అమ్మ ఉప్పు కొనడం మానీసినాది."

ఆ చెట్టు మేమంతా రోజూ చూసేదే. చెరువు గట్టు ఎక్కితే కనిపిస్తుంది. చెట్టెక్కితే చెరువు గట్టు కనిపిస్తుంది. అంతకంటే పెద్దదేం కాదు. అయినా బండి రావడానికి ఇంకా గంటన్నర ఉంది. వింటూ కూర్చున్నాం.

"ఇంక పెరిగినాది సూడండి. పొద్దున్న ఆరింటికి దాని నీడ టెక్కలి సంతలో పడీది. వడ్లారబోసుకున్నోళ్ళు నన్ను తిట్టుకుంటా మూటలు కట్టీవోరు. ఒకపాలి పర్లాకిమిడి సిన్నబండి ఆ నీడలోకొచ్చి సొరంగమనుకున్నాది. డ్రైవరు దీపమెలిగించి, కూత మీద కూత ఎయ్యడం! ఆకంటారా, ఒక్క ఆకు కోసి మా ఇల్లు ఈ మూల నుంచి ఆ మూలకి కప్పినాను. గాలివాన వచ్చినాదా, గోడలు నాలుగూ ఎగిరిపోనాయి, కప్పు మాత్రం కదల్నేదు. మూడు రోజులు గోడల్నేకుండా ఆ కప్పు కిందే ఉన్నాం."

"గోడల్నేకపోతే కప్పు దేని మీద నిలబడినాదిరా?"

"పరువు మీద."

లక్ష్మణమ్మ నవ్వి పొయ్యి వదిలేసింది. టీ సంగతి అందుకే ముందు చెప్పాను.

"ఇంకో ఆకు కోసి అమ్మకి ఇసనకర్ర సేసినాను. అమ్మ ఒక్క ఇసురు ఇసిరినాదో నేదో, భావనపాడులో తెప్పలు తెరసాప ఎత్తకుండా సముద్రంలోకెల్లిపోనాయి. మరి తిరిగి రావాల గదా. అమ్మకి సెయ్యి నొప్పి. రెండో పక్క నేనే ఇసిరినాను. మట్టల నారతో తాడు పేనితే ఆ కొస దొరకడానికి నెల రోజులు ఎతుక్కున్నాం. నీరా అంటారా, కాగులు సాల్నేదు. ఒక్క నాడు కూడా సున్నం పుయ్యకుండా ముంత కట్టనేదు, దేవుడి మీదొట్టు."

సున్నం పూసిన ముంతలో నీరా తియ్యగా ఉంటుంది. పూయకపోతే పొద్దెక్కేసరికి పులిసి కల్లవుతుంది. మా వైపు అప్పటికింకా కల్లు నిషేధమే, బెల్లం వండడానికే లైసెన్సు. అసిరయ్య సున్నం పూయని రోజు లేదు. మరిచిపోయిన రోజులున్నాయి. మరిచిపోయాడని సాయంత్రానికి ఊరంతటికీ నడకలో తెలిసిపోయేది.

"ఇంక పళ్ళు," అన్నాడు అసిరయ్య.

ఇక్కడ మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లక్ష్మణమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆవిడ అలా చేయడం నేను అంతకు ముందు చూడలేదు.

"గెలకి నూరు పళ్ళు. సెట్టుకి పన్నెండు గెలలు. ఒక్కోటి కాగంత. రాలితే బడిలో గంట కొట్టినారనుకుని పిల్లలిళ్ళకెల్లిపోయీవోరు. ఒక్క పండు పిండితే ఊరు ఊరంతటికీ తాటిరొట్టె. అవన్నీ సరే. పండు కాల్సినప్పుడు వాసనొస్తాది సూడు, దానికి మాత్రం నేను తొందరపడీవోణ్ణి కాదు. గాలి తూరుపుకి తిరిగీదాకా ఆగి, అప్పుడు కాల్సీవోణ్ణి."

"తూరుపుకెందుకు?" అన్నాడు డేవిడ్‌రాజు. "తూరుపున సముద్రమే గదా."

"సముద్రం దాటితే ఏటున్నాదో నీకు బళ్ళో సెప్పనేదేటి?"

డేవిడ్‌రాజు టీ అడిగాడు. టీ ఇంకా కాలేదు.

"ఆ తరవాత ఏటైనాదో తెలుసా?" అన్నాడు అసిరయ్య, తడిక వైపు కొంచెం జరిగి. "ఒకనాడు సివరికంటా ఎక్కినాను. ఈ పొద్దు తెల్లారి మొదలెడితే రేపు మజ్జాన్నానికి మొవ్వ దగ్గరికి సేరినాను. దార్లో మోకు మీద ఆనుకుని సద్దన్నం తిన్నాను. పైకెల్లి సూద్దును గదా, రంగూన్."

"ఏ రంగూన్?"

"ఎన్ని రంగూన్లున్నాయి? బంగారు గోపురం ఎండకి మెరుస్తన్నాది. దాని పక్కన ఈది. ఈదిలో మూడో ఇల్లు. ముంగిట్లో ఒక ఆడమనిసి కూకుని మిరపకాయలు దంచతన్నాది. నాకిక్కడ తుమ్మొచ్చినాది."

నవ్వాం.

"తుమ్మితే ఆవిడ సిరంజీవ అన్నాదేటి?" అంది లక్ష్మణమ్మ.

"అన్నాదనే అనుకుంతన్నాను. పెదాలు కదిలినాయి. మాట రావాలంటే ఓడ మీద రావాల గదప్పా, నెలలు పడతాది."

"మరి రోజూ ఎక్కీవోడివా మావా?"

"రోజూ."

"రోజూ ఏటి సూసీవోడివి?"

"ఏదో ఒకటి. బట్టలారేసుకునీది. బియ్యమేరుకునీది. ఒక్కోనాడు ఏటీ సెయ్యకుండా గుమ్మంలో కూకునీది. అలాంటప్పుడు ఇటే సూసీది. నేను మొవ్వ మీద నిలబడి సెయ్యూపీవోణ్ణి. కొంగనుకునీది."

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ డేవిడ్‌రాజుకి సగంలో వదిలే అలవాటు లేదు.

"మరి రంగూన్ మీద జపానోళ్ళు బాంబులేసినప్పుడు?" అన్నాడు.

అసిరయ్య మోకు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అప్పుడు పొగ," అన్నాడు. "పదకొండు రోజులు పొగే. గోపురం నేదు, ఈది నేదు. నేను దిగనేదు. పదకొండు రోజులూ సెట్టు మీదే ఉన్నాను, నీరా తాగి. మా అమ్మ కిందనుంచి పిలిసీది, ఇనిపించనట్టు ఊరుకునీవోణ్ణి. పన్నెండో నాడు గాలొచ్చి పొగ పక్కకి పోనాది. మూడో ఇల్లు నేదు."

లక్ష్మణమ్మ మళ్ళీ అందుకున్న ఊదుగొట్టం కింద పెట్టింది.

"మనిసున్నాది. తల మీద మూట పెట్టుకుని నడుస్తన్నాది. అప్పుడు దిగినాను."

ఈ నాలుగు మాటలూ అతను తడిక అవతలికి వినిపించేలా చెప్పడం మరిచిపోయాడు. మాకే సరిగ్గా వినిపించలేదు.

యుద్ధం నాటికి ఆ చెట్టు వయసు ఐదేళ్ళు. ఐదేళ్ళ తాటిచెట్టు ఆకు మేకకి అందుతుంది. లెక్క నాకూ వచ్చు. అడగలేదు.

అసిరయ్య గొంతు సవరించుకుని మళ్ళీ గట్టిగా అందుకున్నాడు. "ఇప్పటికీ కాస్తానే ఉన్నాది! నిన్న గాక మొన్న మూడొందల పళ్ళు దించినాను. ఎడ్లబండి ఇరుసిరిగిపోనాది. అలాంటి సెట్టుని ఒగ్గీసి ఎవులైనా ఎల్తారా, ఎల్తారేటి? ఇసాపట్నంలో ఏటున్నాది, ఇసక!"

"బావా."

తడిక అవతల నుంచి వచ్చింది మాట. మేమెవరం అటు చూడలేదు. అందరం టీ గ్లాసుల్లోకి చూశాం. వాటిలో ఏమీ లేదు.

"ఆ సెట్టు పోతుతాడు," అంది దేముడమ్మ. "పొద్దున్నే ఎల్లి సూసొచ్చినాను. మొవ్వ సుట్టూ ఎండిన పోతుగెలలేలాడతన్నాయి. పోతుతాటికి పళ్ళేటి?"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తాళ్ళలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. కాయ కాసేది పెంటిదే. ఏది ఏదో పువ్వు వేసేదాకా, అంటే పదిహేను పద్దెనిమిదేళ్ళదాకా, గీసేవాడు కూడా చెప్పలేడు. అసిరయ్య చెట్టు పోతుదని మా ఊళ్ళో పదమూడేళ్ళుగా అందరికీ తెలుసు. అది పువ్వు వేసిన ఏడాది అతను నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత పళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మేము వినడం మొదలుపెట్టాం.

"పోతుదైతే ఏటి?" అన్నాడు అసిరయ్య, వెనక్కి తిరగకుండానే. "నేను పాతినాను..."

"నువ్వు పాతనేదు. నేను పాతినాను."

లక్ష్మణమ్మ గబుక్కున తడిక పక్కకి జరిపేసింది. టీ సరిగ్గా కాయదు గానీ ఆవిడకి తెలివి ఉంది.

దేముడమ్మ బెంచీ మీద అలాగే కూర్చుని ఉంది. కోపంగా ఏమీ లేదు. "నలభై టెంకలు," అంది. "ఓడెక్కీ ముందు వారం, మీ మెట్టలో పాతరేసినాను. పుష్యానికి తేగలౌతాయి, తవ్వి కాల్సుకు తినండని అత్తకి సెప్పినాను. నీకిష్టమని. రంగూనెల్లాక పుష్యమొచ్చీసరికి, ఈపాటికి తవ్వుంతారు, ఈపాటికి బావ తిని పీచు ఊస్తుంతాడు, అనుకునీదాన్ని. ఏటేటా అనుకునీదాన్ని. తీరా నిరుడొచ్చి సూస్తే అక్కడ సెట్టున్నాది. నువ్వా, నూతి దగ్గర నన్ను సూసి సెట్టెక్కీస్తావు, ఎవుల్నడగాల? అవెందుకు తవ్వనేదు బావా?"

పాతిన టెంక నుంచి కిందికి దిగే మొలకే తేగ. నాలుగు నెలలకి తవ్వి తియ్యాలి. ఇంకాస్త ఆగితే పీచుపడుతుంది. ఇంకా వదిలేస్తే ఆకు వేసి చెట్టవుతుంది. మా వైపు తేగల పాతర వేసి తవ్వడం మరిచిపోయే మనిషి లేడు. అంత తిండి మేము ఎప్పుడూ మరిచిపోలేదు.

అసిరయ్య అప్పుడు వెనక్కి తిరిగాడు.

"తవ్వితే అయిపోద్ది గదా," అన్నాడు.



"ముప్పైతొమ్మిదింటిని పందులు తవ్వీసినాయి," అన్నాడు మళ్ళీ. "ఒకటి మిగిలినాది. సుట్టూ ముళ్ళకంప కట్టినాను. పద్దెనిమిదేళ్ళు సూసినాను, కాస్తాదేమోనని. కాస్తే పళ్ళు కాల్సుదామని. పోతుదైపోనాది. అయినా నరకబుద్ధి పుట్టనేదు."



"మూడో ఇల్లు కాదు," అంది దేముడమ్మ. "మాది నాలుగో ఇల్లు."

డేవిడ్‌రాజు లేచి పరుగెత్తాడు. గంట కొట్టాడు. ముందు చెప్పిన రెండు గంటలకి సరిగ్గా బండి వచ్చింది. ఎల్లాజీ మహా చురుగ్గా రేకుపెట్టె మూడో తరగతి పెట్టెలోకి ఎక్కించి, కిటికీ పక్కన తువ్వాలు వేసి చోటు పట్టి, "అప్పా, బేగెక్కు! రెండు నిమిషాలే ఆగుతాది!" అని అరిచాడు.

దేముడమ్మ లేచి గోనెసంచి ఒక కొస పట్టుకుంది. "బరువు బావా. అటు పట్టు," అంది.

అసిరయ్య మోకు భుజాన వేసుకుని రెండో కొస పట్టాడు. బండి దగ్గరికి తెస్తారని ఎల్లాజీ చెయ్యి చాపాడు. నేనూ అదే అనుకున్నాను. అంతకంటే గొప్పగా లక్ష్మణమ్మ కూడా అనుకోలేదు. వాళ్ళిద్దరూ సంచి మోసుకుంటూ స్టేషను గేటు దాటి మా ఊరి దారి పట్టారు. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. ఎల్లాజీ పెట్టె దింపాలో, అప్పని పిలవాలో తేల్చుకోలేక తన తువ్వాలు మాత్రం లాక్కుని కిందికి దూకాడు.

రేకుపెట్టె విశాఖ వెళ్ళింది. తొమ్మిదో రోజున తిరిగి వచ్చింది. గడువు దాటింది కాబట్టి స్థలం లేదని ఇంకో కార్డు వచ్చింది, అదీ నేనే చదివి వినిపించాను. సంచిలో ఉన్నవి తాటిటెంకలు, నలభై. విశాఖలో పాతుకోవడానికి తీసుకెళుతోందట. ఆ సాయంత్రమే పోతుతాటి మొదట్లో పాతర వేసి చుట్టూ ముళ్ళకంప కట్టారు.

పుష్యంలో తవ్వారు. నాకు ఆరు తేగలు ఇచ్చారు. రెండు పీచు.